కొబ్బరి తీపివంటలు: తెలుగువారి వేడుకలలోను, ఢిల్లీ ప్రవాసమునందును

ముదిరిన కొబ్బరికాయ టెంకలోని తెల్లని కొబ్బరిని కోరియో, రుబ్బియో, ఎండించి పొడిచేసియో ప్రధాన ద్రవ్యముగా గ్రహించి, బెల్లముతోగాని చక్కెరతోగాని కూర్చి వండెడు మధుర భక్ష్యములకు కొబ్బరి తీపివంటలని పేరు. పాకమున ఉడికించిన లౌజు మొదలుకొని, పూర్ణము పెట్టి వేయించిన కజ్జికాయల వరకును, పొయ్యిపై కాల్చిన బొబ్బట్లు మొదలుకొని, భట్టీలో కాల్చి పొరలు పొరలుగా పేర్చిన కేకుల వరకును ఈ వర్గమునందు చేరును. మధ్య ఐరోపాలో టోర్టె అని ప్రసిద్ధికెక్కిన పొరకేకును కొబ్బరితో చేసినప్పుడు అదియు ఈ వర్గమునకే చెందుచున్నది. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతములందు ఈ వంటకములు ఎట్లు ఏర్పడినవో, ఏ విధముగా వండుదురో, ఏ వేడుకలకు ఉపయోగింతురో, ఢిల్లీ నగరమున బేర్ సరాయ్ పరిసరములలో నివసించు తెలుగువారి జీవనమున ఇవి ఏ రూపమును పొందినవో ఈ వ్యాసమున సంగ్రహముగా వివరింపబడినవి.

నామభేదములు

కోరిన కొబ్బరిని పాకమునందు దగ్గరకు వచ్చువరకు ఉడికించిన వంటకమును కొబ్బరి లౌజు అందురు. గోదావరి తీరమున దీనినే కొందరు లస్కోర అందురు. ఇదియే ఉండలుగా చుట్టినప్పుడు కొబ్బరి ఉండలు. పళ్లెమున పరచి బిళ్లలుగా కోసినప్పుడు కొబ్బరి బిళ్లలు లేక కొబ్బరి బర్ఫీ. కోస్తా జిల్లాలలో కజ్జికాయలనబడునవి తెలంగాణమున గరిజెలు. రాయలసీమలో బొబ్బట్లకు ఓళిగలను పేరు కలదు. బేకరీలలో దొరకు వానికి కొబ్బరి కేకు, కొబ్బరి బిస్కట్టు, దిల్‌పసంద్, దిల్‌ఖుష్ అను పేర్లు వ్యవహారమున నున్నవి.

ముడి ద్రవ్యము

కొబ్బరిచెట్టు తాళజాతి కుటుంబమునకు చెందినది. శాస్త్రీయ నామము కోకోస్ న్యూసిఫెరా. పిందె పట్టిన తరువాత ఆరేడు మాసములకు కాయ బొండముగా నుండి నీటికి పనికివచ్చును. పండ్రెండు మాసములు నిండినగాని కొబ్బరి గట్టిపడి, నూనె చేరి, తీపివంటకు యోగ్యము కాదు. లేత కొబ్బరిని కోరినచో నీరూరి పాకము పలుచబడును. మిక్కిలి ముదిరి ఎండుముఖము పట్టిన కొబ్బరి నమలుటకు పీచువలె నుండును. కావున వంటయందు నేర్పరులైన గృహిణులు కాయను చెవికడ ఆడించి, నీటి చప్పుడు స్పష్టముగా వినవచ్చుచుండగా, చేతికి బరువు తోచు దానినే ఎన్నుకొందురు.

తీపివంటలకు కొబ్బరి మూడు రూపములలో వాడుకలో నున్నది. మొదటిది పచ్చికొబ్బరి కోరు. రెండవది కురిడీ, అనగా కాయను టెంకతోనే మాసముల తరబడి నిలువచేయగా లోని నీరు ఇంకిపోయి, గుండ్రముగా ఎండి టెంక నుండి ఊడివచ్చిన కొబ్బరి. కోనసీమ కురిడీ ఉత్తరభారతమునకు చిరకాలముగా ఎగుమతి యగుచున్నది. ఢిల్లీ అంగళ్లలో దీనిని గోలా అను పేరున అమ్ముదురు. మూడవది యంత్రములపై సన్నగా తురిమి, తేమ నూటికి మూడు పాళ్లకు లోపుగా మిగులునట్లు ఆరబెట్టిన ఎండుకొబ్బరి పొడి. బేకరీ కేకులకు ఎక్కువగా ఈ పొడియే ఆధారము.

ఆంధ్రదేశమున కొబ్బరికి ప్రధాన క్షేత్రములు గోదావరి డెల్టాలోని కోనసీమయు, శ్రీకాకుళము తీరమునందలి ఉద్దానమును. అంబాజీపేట కొబ్బరి విపణికి పేరుపొందినది. అచటి ఉద్యాన పరిశోధన స్థానమున గంగబొండము రకమును, తూర్పుతీరపు పొడవు రకమును సంకరపరచి గోదావరి గంగ అను వంగడమును రూపొందించిరి.

చరిత్ర

ప్రాచీన కాలము: కొబ్బరి భారతదేశమున అతి ప్రాచీనకాలము నుండియు ఎరుకలో నున్నది. సుశ్రుత సంహిత మొదలగు వైద్యగ్రంథములు నారికేళ గుణములను పేర్కొనుచున్నవి. ఆరవ శతాబ్దికి చెందిన కాస్మాస్ అను గ్రీకు యాత్రికుడు భారతీయ ఫలములను వర్ణించుచు కొబ్బరిని ప్రస్తావించెను. 2011లో వెలువడిన జన్యుశాస్త్ర పరిశోధన ననుసరించి, కొబ్బరి పసిఫిక్ తీరములందును, హిందూ మహాసముద్ర తీరములందును వేర్వేరుగా సాగులోనికి వచ్చినది. చెరకు బెల్లమును, కొబ్బరియు రెండును స్వదేశమున లభించుటచే, ఈ రెంటి కలయికతో వండెడు భక్ష్యములకు మన దేశమున అన్యదేశీయ ద్రవ్యములు అవసరము కాలేదు.

దేవతార్చనమున కొబ్బరికాయ కొట్టు ఆచారము ఈ వంటకములకు అన్నిటికంటె బలమైన ఆధారము. పూజానంతరము మిగిలిన కొబ్బరి చిప్పలు ఒకటి రెండు దినములకు మించి నిలువవు. ప్రసాదమును వ్యర్థపరచుట దోషమను భావము గృహములందు పాతుకొనియున్నది. ఈ రెండు కారణములచేత, పండుగనాటి చిప్పలు పచ్చడికి కొంత పోగా తక్కినవి లౌజుగనో, బూరెలుగనో మారి, ఇంటివారికిని ఇరుగుపొరుగువారికిని పంచిపెట్టబడుచు వచ్చినవి.

ఐరోపా టోర్టె: పిండిని తగ్గించి, దాని స్థానమున బాదము మొదలగు గింజల పొడిని, గ్రుడ్లను, చక్కెరను చేర్చి కాల్చి, పొరల నడుమ మీగడనో పండ్ల పాకమునో పూయుట టోర్టె లక్షణము. ఆస్ట్రియాకు చెందిన లింజర్ టోర్టె తయారీవిధానము 1653 నాటి వ్రాతప్రతిలో లభించుచున్నది. వియన్నా నగరమున ఫ్రాంజ్ జాఖర్ 1832లో చేసిన చాక్లెట్ టోర్టె జగత్ప్రసిద్ధము. పందొమ్మిదవ శతాబ్ది చివరి భాగమున ఎండుకొబ్బరి పొడి పరిశ్రమగా వృద్ధిపొంది ఓడలలో ఐరోపా, అమెరికా ఖండములకు చేరిన పిదప, గింజల పొడికి బదులుగా కొబ్బరిని వాడుట సులభమయ్యెను. ఆస్ట్రేలియా దేశమున చాక్లెట్ పాకములో ముంచి కొబ్బరి పొడిలో దొర్లించెడు లామింగ్టన్ కేకు ఈ కాలపుదే. 1896 మొదలు 1901 వరకు క్వీన్స్‌లాండ్ గవర్నరుగా నుండిన లామింగ్టన్ ప్రభువు పేరు దానికి కలిగినది.

భారతదేశమున కేకు: గోవాలో పోర్చుగీసు సంపర్కముచే గ్రుడ్ల వాడుకయు, కాల్చు పద్ధతియు స్థానిక కొబ్బరితో కలిసి రెండు విశిష్ట వంటకములను కల్పించినవి. కొబ్బరిపాలు, గ్రుడ్ల పచ్చసొన, చక్కెర, పిండి కలిపి, పొర కాలిన పిదప పొర పోయుచు, పైనుండి నిప్పుల సెగతో కాల్చునది బెబింకా. గోధుమరవ్వ, కొబ్బరికోరు కలిపి కాల్చునది బాత్ కేకు. కేరళలోని తలశ్శేరిలో మాంబళ్లి బేకరీ 1883లో క్రిస్మస్ కేకును కాల్చినది. ఢిల్లీలోని కన్నాట్ ప్లేసునందు వెంగర్స్ బేకరీ 1926లో వెలసినది. దేశవిభజనానంతరము సింధు ప్రాంతమునుండి వచ్చిన కుటుంబము 1953లో హైదరాబాదు మొజంజాహీ మార్కెట్టు కడ కరాచీ బేకరీని స్థాపించెను. ఈ నగరపు బేకరీలలో కొబ్బరి, చక్కెర, టూటీ ఫ్రూటీ కూరిన దిల్‌పసంద్, దిల్‌ఖుష్ అను గుండ్రని భక్ష్యములు సామాన్యజనుల తినుబండారములుగా స్థిరపడి, త్రికోణపు ముక్కలుగా కోసి చాయతోపాటు అమ్ముట పరిపాటి యయ్యెను.

రకములు

వండు పద్ధతిని బట్టి కొబ్బరి తీపివంటలను నాలుగు తరగతులుగా విభజింపవచ్చును.

పాకపు వంటలు: లౌజు, ఉండలు, బర్ఫీ ఈ తరగతిలోనివి. బెల్లముతో చేసినవి గోధుమ వన్నె కలిగి మెత్తగా నుండును. చక్కెరతో చేసినవి తెల్లగా నుండి, ఆరిన పిమ్మట గట్టిపడును. పాలు లేక కోవా చేర్చినచో బర్ఫీకి మార్దవము కలుగును.

పూర్ణపు వంటలు: కొబ్బరి పూర్ణమును మైదా లేక గోధుమపిండి తోపులో ఇమిడ్చి వత్తి, పెనముపై నేతితో కాల్చినవి కొబ్బరి బొబ్బట్లు. బియ్యపుపిండి తోపులో నుంచి ఆవిరిపై ఉడికించినవి పూర్ణపు కుడుములు. మహారాష్ట్రలోని మోదకములు వీనికి సగోత్రములు.

వేపుడు వంటలు: తడి బియ్యపుపిండిని బెల్లపు పాకములో కలిపి, కొబ్బరికోరు చేర్చి, చేతితో తట్టి నూనెలో వేయించినవి కొబ్బరి బూరెలు. ఎండుకొబ్బరి, చక్కెర, గసగసాలు, యాలకుల పొడి కలిపిన పూర్ణమును చిన్న పూరీలో పెట్టి, అర్ధచంద్రాకారమున మడిచి, అంచులు నొక్కి వేయించినవి కజ్జికాయలు. ఉత్తరాదిన హోలీ పండుగకు చేయు గుఝియా ఆకృతియందు కజ్జికాయనే పోలియుండును. అయితే దాని పూర్ణమున కోవాకు ప్రాధాన్యము, కొబ్బరి అనుబంధము మాత్రమే.

కాల్చిన వంటలు: కొబ్బరి కేకు, పొరకేకు, కొబ్బరి మాకరూన్, కొబ్బరి బిస్కట్టు, దిల్‌పసంద్ మొదలగునవి. వీనిలో పొరకేకు వేడుకలకు, తక్కినవి నిత్యోపయోగమునకు ఎక్కువగా వాడుకలో నున్నవి.

తయారీ విధానము

లౌజు: కొబ్బరికోరు రెండు పాళ్లు, తురిమిన బెల్లము ఒక పాలు అనునది గృహములందు సాధారణముగా పాటింపబడు కొలత. కోరునప్పుడు టెంకనంటిన గోధుమరంగు పొర రాకుండునట్లు చూచుకొన్నచో వన్నె చెడదు. బెల్లమును కొలది నీటిలో కరగించి, ఇసుక పోవుటకై వడగట్టి, మందమైన అడుగుగల మూకుడులో పొయ్యిపై నుంచుదురు. వ్రేళ్ల నడుమ తీగ సాగునంతటి పాకము రాగానే కోరును పోసి, సన్నని సెగపై విడువక కలుపుదురు. మొదట ముద్ద నీరు వదలి పలుచబడినట్లు కనిపించును. ఆ పిదప బుడగలు చిక్కబడి, చప్పుడు తగ్గి, అంచులను వదలి గరిటె వెంట ఒక్క ముద్దగా కదలుట ఆరంభించును. ఆ క్షణమున యాలకుల పొడిని, చెంచాడు నేతిని చేర్చి దింపవలయును. కొంచెమాలస్యమైనను ముద్ద పొడిపొడి యగును. కొంచెము ముందుగా దింపినచో ఉండ నిలువక జారిపోవును. బిళ్లలు కావలసినచో నేయి రాచిన పళ్లెమున పరచి, వేడి తగ్గకమునుపే కత్తితో గాట్లు పెట్టుదురు.

కొబ్బరి బూరెలయందు కీలకము పాకము. ముదురు పాకమైనచో బూరె రాయివలె గట్టిపడును. లేత పాకమైనచో నూనెలో విచ్చిపోవును. పాకమును నీటిలో ఒక చుక్క వేసి, అది మెత్తని ఉండగా చుట్టుటకు వచ్చునదీ లేనిదీ పరీక్షించుట అనుభవజ్ఞుల పద్ధతి.

పొరకేకు: గోధుమపిండిలో తడి తగిలినపుడు జిగురు ఏర్పడి కేకునకు కట్టుబాటు నిచ్చును. కొబ్బరియందు ఈ జిగురు లేదు. కావున కొబ్బరి కేకు నిలుచుటకు మైదానైనను, గ్రుడ్లనైనను ఆశ్రయింపవలసియున్నది. టోర్టె పద్ధతిలో గ్రుడ్ల తెల్లసొనను నురుగు వచ్చునట్లు గిలకొట్టి, పచ్చసొన, చక్కెర, కొబ్బరి పొడి మిశ్రమములో మెల్లగా మడిచి కలుపుదురు. కొబ్బరిలోని కొవ్వు నురుగును అణచు స్వభావము కలది. అందుచే వేగముగా కలిపినచో కేకు పొంగక దట్టముగా తయారగును. ఎండుకొబ్బరి పొడి తేమను పీల్చును గనుక, దానిని ముందుగా పాలలోగాని కొబ్బరిపాలలోగాని నానబెట్టుట ఆవశ్యకము. 170 మొదలు 180 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాల్చి, పూర్తిగా చల్లారిన పిమ్మట అడ్డముగా పొరలు కోసి, నడుమ మీగడయో, వెన్న చక్కెరల మిశ్రమమో పూసి, పైని దోరగా వేయించిన కొబ్బరిని చల్లుదురు. గ్రుడ్లు తినని గృహములలో పెరుగు, వంటసోడాల చర్యచే కేకును పొంగించుట వాడుక.

భట్టీ లేని ఇండ్లలో కుక్కరు అడుగున ఉప్పు లేక ఇసుక పరచి, రబ్బరు పట్టీయు, విజిలును తీసివేసి, లోపల కేకు గిన్నెనుంచి సన్నని సెగపై కాల్చు పద్ధతి భారతీయ గృహిణులకు సుపరిచితము. దీని ప్రాముఖ్యము క్రింద ఢిల్లీ ప్రకరణమున తెలియగలదు.

వేడుకలలో స్థానము

తెలుగునాట వినాయకచవితి నాడు కుడుములు, ఉండ్రాళ్లతోపాటు కొబ్బరి పూర్ణపు వంటలు నివేదనకు వచ్చును. శ్రావణ మాసపు వరలక్ష్మీ వ్రతము, దసరా, కార్తిక మాసపు దీపారాధనలు కొబ్బరికాయల వినియోగము అత్యధికముగా నుండు సందర్భములు. ఆ తరువాతి దినములే గృహములలో లౌజు వండు దినములు. దీపావళికి, సంక్రాంతికి కజ్జికాయలు సిద్ధమగును. తెలంగాణమున సద్దుల బతుకమ్మ నాడు పంచెడు సద్దులలో కొబ్బరి సద్ది యొకటి. అది తీపివంట కాకున్నను, కొబ్బరికి పండుగ పంపకములలో గల స్థానమును చాటుచున్నది. గోదావరి జిల్లాలలో వధువు కొబ్బరి బొండమును చేతబట్టి పెండ్లి పీటల కడకు వచ్చు ఆచారము కలదు. ఆ పెండ్లి సారెలో లౌజు ఉండలు, కజ్జికాయలు చోటుచేసికొనుట సాధారణము.

క్రైస్తవ గృహములలో క్రిస్మస్‌కు కేకు, గులాబీ పువ్వులనెడు పిండివంటతోపాటు కొబ్బరి వంటకములు చేయుదురు. జన్మదినమున కేకు కోయుట ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధమున పట్టణములలో వ్యాపించి, మతభేదము లేక సర్వసాధారణమయ్యెను. ప్రపంచవ్యాప్తముగ సెప్టెంబరు 2వ తేది కొబ్బరి దినముగ పాటింపబడుచున్నది. 1969లో ఆసియా, పసిఫిక్ కొబ్బరి దేశముల సంఘము ఏర్పడిన దినమగుటచే ఆ తేది ఎన్నుకొనబడి, 2009 నుండి వేడుకగా జరుగుచున్నది.

ఢిల్లీ తెలుగువారును, బేర్ సరాయ్

స్వాతంత్ర్యానంతరము కేంద్ర ప్రభుత్వ కార్యాలయములలో ఉద్యోగములకై తెలుగువారు పెక్కుమంది ఢిల్లీ చేరిరి. దుర్గాబాయి దేశ్‌ముఖ్ ప్రోద్బలముతో 1948లో ఆంధ్ర విద్యాసంఘము వెలసి పాఠశాలలను నడపినది. 1961లో శ్రీ వేంకటేశ్వర కళాశాల ఏర్పడినది. అశోకా రోడ్డులోని ఆంధ్ర భవన్ భోజనశాల తెలుగువారికేగాక ఇతరులకును తెలుగు భోజనమును పరిచయము చేసినది.

బేర్ సరాయ్ దక్షిణ ఢిల్లీలోని పూర్వపు గ్రామము. నగరము చుట్టును పెరుగగా నగరములో కలిసిపోయినది. 1969లో స్థాపితమైన జవాహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయపు పాత ప్రాంగణము దీనికి చేరువ. జియా సరాయ్, కట్వారియా సరాయ్, ఐ.ఐ.టి. ప్రాంగణము ఇరుగుపొరుగున కలవు. పోటీపరీక్షల పుస్తకముల దుకాణములకు, నకళ్లు తీయు అంగళ్లకు, అద్దె గదులకు ఈ ప్రదేశము ప్రసిద్ధి. ఇరుకు సందులలో అంతస్తుపై అంతస్తుగా లేచిన గదులలో నివసించు విద్యార్థులలో ఆంధ్ర, తెలంగాణములకు చెందినవారు చిరకాలముగా నున్నారు. సమీపముననే రామకృష్ణపురమున గుట్టపై 1973లో ప్రతిష్ఠ జరిగిన ఉత్తర స్వామిమలై ఆలయము దక్షిణాది కుటుంబములకు సమావేశ స్థలము; అచట అర్చనకై కొట్టిన కొబ్బరి చిప్ప భక్తునితో గదికి చేరును.

ఇట్టి గదులలో వంటకు ఒక గ్యాసు పొయ్యి లేక ఒక విద్యుత్తు పొయ్యి, ఒక కుక్కరు, రెండు గిన్నెలు మాత్రమే సాధారణముగా లభ్యము. ఈ పరిమితి కొబ్బరి వంటల ఎంపికను నిర్ణయించినది. తడి బియ్యపుపిండి దంచవలసిన బూరెలకును, తోపు నానవలసిన బొబ్బట్లకును అవకాశము తక్కువ. లౌజునకు మూకుడొకటి చాలును. కోరాము లేనిచో ముక్కలను మిక్సీలో తిప్పిన సరిపోవును. చవితి, కార్తిక సోమవారములలో ఒకరి గదిలో వండిన లౌజు అంతస్తునందలి తెలుగువారికందరికిని పంచుట, జన్మదినమునకు కుక్కరు కేకులో ఎండుకొబ్బరి పొడి కలుపుట ఈ పరిస్థితులకు అనువైన పద్ధతులు.

ద్రవ్య సంపాదనము కష్టము కాదు. పీచు తీసిన కాయలు దక్షిణ రాష్ట్రములనుండి లారీలలో ఢిల్లీ చేరును. దక్షిణాది సరకులకు ఐ.ఎన్.ఏ. మార్కెట్టు, మునీర్కా అంగళ్లు ప్రసిద్ధములు. ఎండుకొబ్బరికి ఖారీ బావ్‌లీ టోకు విపణి పెట్టినది పేరు. బిహారు, తూర్పు ఉత్తరప్రదేశ్ వాసులు ఛఠ్ పూజకు కొబ్బరికాయలను విరివిగా వినియోగింతురు గనుక, దీపావళి తరువాతి వారమున బేర్ సరాయ్ వంటి పేటలలోని బండ్లపై సైతము కాయలు రాశులుగా లభించును.

ఇంటినుండి పంపబడు తీపివంటల విషయమున దూరమే ప్రధాన నిర్ణాయకము. హైదరాబాదునుండి తెలంగాణ ఎక్స్‌ప్రెస్సులో ఢిల్లీకి ఒక పగలు, ఒక రాత్రికి మించిన ప్రయాణము. వేసవిలో పచ్చికొబ్బరి వంట ఇంతకాలము రైలుపెట్టె వేడిని తాళజాలదు. ఈ కారణముచే తల్లులు పంపు డబ్బాలలో ఎండుకొబ్బరి కజ్జికాయలు, బెల్లపు పాకము ముదిరిన ఉండలు మిక్కుటముగా కనిపించును. పచ్చికొబ్బరి లౌజు మాత్రము ఢిల్లీలోనే వండుకొనవలసియుండును.

ఢిల్లీ శీతకాలము కొబ్బరి వంటల స్వరూపమును సైతము మార్చును. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల సెల్సియస్ కడ గడ్డకట్టును. డిసెంబరు, జనవరి రాత్రులలో ఢిల్లీ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు దిగువకు పోవుట సాధారణము. కోస్తాలో వ్రేలితో నొక్కగనే విరిగెడు లౌజు బిళ్ల ఇచట కత్తికి లొంగనంత బిగియును. కొబ్బరినూనెతో చేసిన కేకు పొడిబారినట్లు తోచును. పళ్లెమును వేడినీటి గిన్నెపై కొన్ని నిమిషములుంచినచో కొవ్వు కరగి, వంటకము తన సహజ మార్దవమును, పరిమళమును తిరిగి పొందును. ఇదే చలి నిలువకు అనుకూలించును. ఆంధ్రతీరపు తేమలో మూడవనాటికే వాసన మారు లౌజు, ఢిల్లీ శీతకాలమున అంతకు మించి నిలుచును.

నిలువయు, దోషములు

పచ్చికొబ్బరిలో నూటికి నలుబది అయిదు పాళ్లకు పైగా నీరుండుటచే సూక్ష్మజీవులు త్వరగా వృద్ధిపొందును. పాకముతో ఉడికించుట ఈ నీటిని తగ్గించి, చక్కెర సాంద్రతను పెంచి, వంటకమునకు ఆయువు నిచ్చును. పాకము చాలనప్పుడు పులుపు వాసన, బూజు కలుగును. ఎండుకొబ్బరి సరిగా ఆరక తేమ తగిలినచో, కొవ్వు విచ్ఛిన్నమై లారిక్ ఆమ్లము విడివడి, సబ్బును పోలిన రుచి పుట్టును. ఇట్టి కొబ్బరి కేకునకును కజ్జికాయకును పనికిరాదు. మీగడ పూసిన పొరకేకును శీతలయంత్రమున నుంచుట ఆవశ్యకము; వడ్డించుటకు అరగంట ముందు వెలుపల నుంచినచో కొవ్వు మెత్తబడి రుచి తెలియును.

పోషణ విలువ

100 గ్రాముల పచ్చికొబ్బరి సుమారు 350 కిలోకాలరీల శక్తిని, 33 గ్రాముల కొవ్వును, 3 గ్రాములకు పైబడిన మాంసకృత్తులను, 9 గ్రాముల పీచును ఇచ్చును. కొబ్బరి కొవ్వులో 80 శాతమునకు పైగా సంతృప్త కొవ్వు; అందు దాదాపు సగము లారిక్ ఆమ్లము. ఆహారశక్తిలో సంతృప్త కొవ్వు వాటా 10 శాతము మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. కొబ్బరి తీపివంటలందు చక్కెరయు హెచ్చు గనుక, మధుమేహము, హృద్రోగము కలవారు మితము పాటింపవలయును. గోధుమ జిగురు పడనివారికి మైదా లేని కొబ్బరి టోర్టె, లౌజు, బియ్యపుపిండి బూరెలు అనుకూలములు. పీచు హెచ్చుగా నుండుటచే ఇవి కొలది పరిమాణముననే తృప్తినిచ్చుననియు, అందువలన పండుగ ప్రసాదముగా చిన్న ఉండ పంచు పద్ధతి ఆరోగ్యదృష్టితోను సముచితమనియు చెప్పవచ్చును.

ఆర్థిక ప్రాధాన్యము

కొబ్బరి ఉత్పత్తిలో ఇండొనేషియా, ఫిలిప్పైన్స్, భారతదేశము ప్రపంచమున అగ్రగణ్యములు. మన దేశమున కేరళ, కర్ణాటక, తమిళనాడు, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రములు అత్యధిక భాగమును పండించుచున్నవి. 1981లో కొచ్చిన్ కేంద్రముగా కొబ్బరి అభివృద్ధి మండలి ఏర్పడినది. కోనసీమ రైతునకు ఉత్తరాది పండుగల గిరాకీ ముఖ్యమైన ఆలంబనము. ఢిల్లీలో దసరా, ఛఠ్ పూజలకు కొనబడు కాయకును, అంబాజీపేట ధరకును సంబంధము కలదు.

తుపానులు ఈ పంటకు ప్రధాన శత్రువులు. 1996 నవంబరు 6వ తేది తుపాను కోనసీమ తోటలను నేలకూల్చెను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానమును అదేవిధముగ నష్టపరచెను. పొడవు రకపు కొబ్బరి కాపునకు వచ్చుటకు ఆరేడు సంవత్సరములు పట్టును గనుక, ఒక తుపాను రైతునకు అనేక సంవత్సరముల ఆదాయమును హరించును. కాయను కాయగా అమ్ముటకంటె పొడిగా, పాలుగా, తీపివంటగా మార్చి అమ్ముట రైతులకు లాభదాయకమని వ్యవసాయశాఖలు ప్రోత్సహించుచున్నవి.

ప్రాముఖ్యము

కొబ్బరి తీపివంటలకు తెలుగువారి జీవితమున గల స్థానము రుచిచేత మాత్రమే ఏర్పడినది కాదు. దేవుని ముందు పగిలిన కాయ త్వరగా పాడగు పదార్థమగుటచే, దానిని వెంటనే వండి, పదిమందికి పంచవలసి వచ్చినది. పంపకము ఈ వంటకముల స్వభావములోనే ఇమిడియున్నది. ద్రవ్యములు మూడు నాలుగే యగుటచే, ఊరు మారినను, పొయ్యి మారినను, లౌజు విధానము మారలేదు. పొరకేకు ఆధునిక కాలపు చేర్పు. అది లౌజు స్థానమును ఆక్రమింపక, జన్మదినము, క్రిస్మస్, నూతన సంవత్సరము వంటి సందర్భములను తన వంతుగా గ్రహించినది. లౌజును, కుక్కరు కేకును బేర్ సరాయ్ గదులలో పక్కపక్కనే నిలుచుచున్నవి.

అయినను ఈ వంటకముల కొలతలు, పాకపు గురుతులు ఎక్కువ భాగము తల్లినుండి బిడ్డకు మాటలలోనే సంక్రమించుచు వచ్చినవి. కుటుంబములు దూరదేశములకు చెదరిన నేటికాలమున ఆ మార్గము సన్నగిల్లుచున్నది. ఇంటింటి కొలతలను, ప్రాంతప్రాంతపు భేదములను పెద్దలు జీవించియుండగనే అడిగి వ్రాసియుంచుట ప్రతి తెలుగు కుటుంబమునకును కర్తవ్యము.